కన్నీళ్ళు వెతక్కండి!

ఆడది ఏం సృష్టించినా అందులో కన్నీళ్ళే వెతుకుతారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే!

1966లో ఈవా హెస్ అనే అమెరికన్ శిల్పి ‘హ్యాంగ్ అప్’ చేసింది. అదిప్పుడు చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌ వారిది. బొమ్మ లేని పెద్ద చెక్క ఫ్రేము, దాని చుట్టూ చుట్టిన గుడ్డ. ఫ్రేములోంచి బయల్దేరి, నేలదాకా వంగి, మళ్ళీ ఫ్రేముకే చేరే ఉక్కు గొట్టం, దానికి చుట్టిన తాడు. అంతే.

“గాయానికి కట్టిన కట్టండీ అది! పాపం, మెదడులో కంతితో 34 ఏళ్ళకే పోయింది” అంటారు. పోయింది 1970లో. కంతి బయటపడింది 1969లో. మూడేళ్ళ ముందే కట్టు కట్టుకుందా?

ముందు వస్తువును చూడండి. బూడిదరంగు లేత నుంచి ముదురుకి ఎంత మెల్లగా మారుతుందో చూడండి. ఖాళీ ఫ్రేములో గోడే బొమ్మవుతుంది. గొట్టమేమో గోడ వదిలి మన కాళ్ళదాకా వస్తుంది. అది చిత్రమో శిల్పమో తేలనివ్వకపోవడమే ఆవిడ నేర్పు.

పక్కింటావిడ ముగ్గు చూసి చుక్కలు లెక్కపెడతాం, గీత తెగిందేమో చూస్తాం. “రాత్రి ఏడ్చావా?” అని అడగం కదా! హెస్‌కీ ఆపాటి మర్యాద చేద్దాం.