కొత్త రుచికీ ఒక కొలత

ఇంట్లో కేకు చేయడం ఇప్పుడు నగరాలకే పరిమితమైన ముచ్చట కాదు. ఆత్మకూరు, ఉదయగిరి వంటి ఊళ్ళలోనూ కుక్కరు అడుగున ఇసుక పోసి కేకు కాల్చే ఆడపిల్లలున్నారు. సెల్‌ఫోనులో చూసిన వంటకాన్ని ఆ సాయంత్రమే పొయ్యి మీదికి ఎక్కించే కోడళ్ళున్నారు. “మన సేమియాకు ఏం తక్కువైందని ఈ కొత్త పోకడలు?” అని కొన్ని ఇళ్ళలో పెద్దలు నొచ్చుకుంటారు. ఎంతో ఇష్టంగా చేసినవారు ఆ మాటకు చిన్నబుచ్చుకుంటారు. ఈ నెల ఈ ఇరువురితోనూ మాట్లాడదలిచాము. కొత్త రుచిని వెదకడంలో తప్పు లేదు. ఏమి కలుపుతున్నామో, ఎందుకు కలుపుతున్నామో తెలియకుండా కలపడమే తగదు.

రుచులను జత చేయడం మనకు కొత్త విషయమేమీ కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) తాజా ఖర్జూరాలను దోసకాయతో కలిపి తినేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. పుచ్చకాయతో కూడా ఖర్జూరం తినేవారనీ, ఒకదాని వేడిని మరొకదాని చలువ సరిచేస్తుందని చెప్పేవారనీ ఉల్లేఖనాలున్నాయి. ఆ జతలో ఆడంబరం లేదు, సమతూకం ఉంది. మన వంటింటి ప్రయోగాలకూ ఆ సమతూకమే ఆదర్శం కావాలి.

ముందుగా మన నేలలో పండేదానితోనే మొదలుపెడదాం. నెల్లూరు జిల్లా నిమ్మకు పేరు పొందింది. గూడూరు, పొదలకూరు మార్కెట్ల నుంచి కాయలు దూరప్రాంతాలకు వెళుతుంటాయి. మన ఇళ్ళలో మాత్రం నిమ్మ అంటే షర్బత్తు, ఊరగాయ, పులిహోర వరకే. నిజానికి నిమ్మ పరిమళమంతా పైతొక్కులోని నూనెలో ఉంటుంది. రసంలో ఉండేది ముఖ్యంగా పులుపు. సేమియా పాయసంలో రసం పిండితే పాలు విరుగుతాయి. అదే పైతొక్కును సన్నగా తురిమి, పొయ్యి ఆపిన తరువాత చిటికెడు కలిపితే పాలకు హాని ఉండదు, వాసన నిలుస్తుంది. తురిమేటప్పుడు లోపలి తెల్లపొర రానివ్వకూడదు, అది చేదు.

కేకులో రసం చేసే పని వేరు. వంట సోడాతో కలిసినప్పుడు అది వాయువును పుట్టించి పిండిని పొంగిస్తుంది. కాబట్టి రసం కలిపిన పిండిని నిలవ ఉంచక వెంటనే కాల్చాలి. చక్కెరకు బదులు బెల్లం వాడితే కేకు రంగు ముదురుతుంది, తేమ నిలిచి మెత్తగా ఉంటుంది. అయితే మరిగే పాలలో బెల్లం వేస్తే పాలు విరగవచ్చు గనుక పాయసం కాస్త చల్లారిన తరువాతనే కలపాలి. యాలకుల పొడి ఎక్కువసేపు మరిగితే వాసన ఆవిరితో పోతుంది. దానిని చివరనే వేయాలి.

ప్రయోగానికి ఒక నియమం పెట్టుకోవడం మంచిది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. కొద్దిపాటి కేకు పిండిని నాలుగు చిన్న గిన్నెలలో సమంగా పోయండి. మొదటిదాన్ని మామూలుగా ఉంచండి. రెండవదానిలో నిమ్మ తురుము, మూడవదానిలో యాలకుల పొడి, నాలుగవదానిలో ఆ రెండూ కలపండి. నాలుగూ ఒకే వేడి మీద కాలుతాయి గనుక రుచిలో తేడా దేనివల్ల వచ్చిందో స్పష్టంగా తెలుస్తుంది. ఒక నోటుపుస్తకంలో కొలతలు వ్రాసి ఉంచుకుంటే ఆ రుచి మళ్ళీ మీ చేతికి అందుతుంది. కుదరకపోయినా పోయేది గిన్నెడు పిండే, పండుగనాటి వంట మొత్తం కాదు.

ఇక సీసాల సంగతి. ఇక్కడ మరింత జాగ్రత్త అవసరం. వెనిల్లా ఎక్స్‌ట్రాక్టును ఆల్కహాలులో వెనిల్లా కాయలను నానబెట్టి తీస్తారు. అమెరికా ప్రమాణాల ప్రకారం అందులో ఆల్కహాలు కనీసం 35 శాతం ఉండాలి. మన దుకాణాల్లో చవకగా దొరికే ఎసెన్సుల్లో ఎక్కువగా ఉండేది కృత్రిమ వెనిలిన్. దానిని ఏ ద్రవంలో కరిగించారన్నది కంపెనీని బట్టి మారుతుంది. ఆకుపచ్చ చుక్క శాకాహార గుర్తు మాత్రమే, ఆల్కహాలు లేదని అది హామీ ఇవ్వదు. జెల్లీలలో వాడే జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి వస్తుంది. అది ఏ జంతువుదో, ఎలా జబహ్ చేశారో తెలియనప్పుడు సముద్రపు నాచు నుంచి తీసే చైనా గ్రాసు వాడుకోవచ్చు. 120 అనే సంఖ్య గల ఎర్ర రంగును కీటకాల నుంచి తీస్తారు. ఇటువంటి వాటిలో కొన్నింటి విషయమై ధర్మపండితుల అభిప్రాయాలు వేరువేరుగా ఉన్నాయి. మీరు విశ్వసించే ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. అంతవరకు యాలకులు, దాల్చినచెక్క, కుంకుమపువ్వు మన చేతిలోనే ఉన్నాయి కదా!

రుచిని కాపాడటంలో గరిటెకూ పాత్ర ఉంది. ఉదయగిరి కొయ్య గరిటెలకు, చెంచాలకు భౌగోళిక గుర్తింపు లభించింది. నర్ది, బిక్కి వంటి కర్రలతో వాటిని మలిచేవారిలో మన సోదరీమణులు ఎందరో ఉన్నారు. కొయ్య పులుపుతో చెడు రుచి పుట్టించదు, నాన్‌స్టిక్ గిన్నెను గీకదు. అయితే వాసనను పీల్చుకుంటుంది. అల్లంవెల్లుల్లి ముద్ద వేయించిన గరిటెతో పాయసం కలిపితే ఎంత మంచి యాలకులు వేసినా వృథాయే. తీపి వంటలకు ఒక గరిటెను ప్రత్యేకంగా ఉంచుకోండి. దానిని నీళ్ళలో నాననివ్వక, కడిగిన వెంటనే నీడలో ఆరబెట్టండి.

పెద్దలకూ ఒక విన్నపం. దైవప్రవక్త (స) ఏనాడూ భోజనాన్ని తప్పుపట్టలేదు. ఇష్టమైతే తినేవారు, లేకపోతే వదిలేసేవారు. కోడలు చేసిన కేకు నచ్చకపోతే ఆ మర్యాదను పాటించడం మనకూ సాధ్యమే. చేసేవారు కూడా ఇంట్లో ఎందరున్నారో చూసుకుని చేయాలి. తినండి, త్రాగండి, వృథా చేయకండి అన్నది దివ్య ఖుర్ఆన్ బోధన. నిమ్మ పరిమళించే నాలుగు ముక్కలు పొరుగింటికి చేరితే, అక్కడి నుంచి వచ్చే మాటే మీ ప్రయోగానికి నికరమైన పరీక్ష.