మా ఇంటి నల్లరాయి

పోయిన నెల ఈ పుటలో ఊరగాయ జాడీలను గురించి వ్రాస్తే, కొందరు సోదరీమణులు మెచ్చుకుంటూ ఉత్తరాలు వ్రాశారు. వారికి కృతజ్ఞతలు. ఈ నెల కూడా వంటింటి వస్తువుతోనే మొదలుపెడుతున్నాము గాని, అక్కడే ఆగటం లేదు. కొంచెం దూరం పోవలసి వుంది. చదువరులు ఓపిక పట్టాలి.

పూనాలోని మా ఇంటి పెరట్లో ఒక రుబ్బురోలు వుంది. మా తాతగారు గోదావరి ఒడ్డు విడిచి, రైల్వేలో కొలువు దొరికి ఇక్కడ కాపురం పెట్టిన కొత్తలో చెక్కించినది. నిగనిగలాడే నల్లరాయి. మా నాయనమ్మకు అదంటే సరిపడేది కాదు. "ఇది పరాయి దేశపు రాయిరా అబ్బాయీ! దీంట్లో రుబ్బితే మన పిండికి మన రుచి యెలా వస్తుంది?" అనేది. అంటూనే నలభయి యేళ్లు అందులోనే రుబ్బింది. గ్రైండరు వచ్చాక రోలు మూలపడింది. ఇప్పుడు దానిమీద తులసి కుండీ వుంది.

మా రెండో అమ్మాయి బి.ఎస్.సి.లో భూగర్భశాస్త్రం తీసుకున్నది. ఇప్పుడు ఎమ్.ఎస్.సి. కూడా అదే చదువుతానంటుంది. మేము మెట్రిక్‌తో చదువు ఆపి గుమాస్తాగిరీలో పడినవాళ్లము. ఫీజు కట్టాలంటే ఇంటికప్పు మరమ్మతుకని దాచిన సొమ్ము తీయాలి. మా మేనత్తగారు వచ్చి, "ఆడపిల్ల రాళ్లు లెక్కపెట్టడం నేర్చుకుని యెవరిని ఉద్ధరిస్తుందిరా? బ్యాంకు పరీక్షకు కట్టించు" అని కేకలేశారు. మేము అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. గుమాస్తాలకు అలవాటే గదా, కాగితాన్ని నాలుగు రోజులు బల్లమీద వుంచటం!

ఇంతలో అమ్మాయి, కాలేజీవాళ్లతో కలిసి రాజమండ్రి వైపు రాళ్ల గనులు చూసి వచ్చింది. సంచిలోంచి ఒక నల్లరాతి ముక్క తీసి రోలు పక్కన పెట్టి, "నాన్నా, ఈ రెండూ ఒకటే" అన్నది. మేము నవ్వాము. అప్పుడు కూర్చోబెట్టి చెప్పింది. ఆమె చెప్పినదీ, తరువాత ఆమె పుస్తకాలలో మేము చూసుకున్నదీ కలిపి వ్రాస్తున్నాము.

సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రిందట ఈ మహారాష్ట్ర ప్రాంతంలో నేల బీటలు వారి, కరిగిన రాయి పొంగి ప్రవహించింది. ఒక్కసారి కాదు, లక్షల యేళ్లపాటు, ఆగి ఆగి. ఒక పొరమీద ఒక పొర పేరుకున్నది. ఖండాలా ఘాట్‌లో రైలు కిటికీలోంచి చూస్తే కొండలు మెట్లు మెట్లుగా కనబడతాయి గదా, అవే ఆ పొరలు. స్వీడను భాషలో మెట్లను 'ట్రాపా' అంటారట. అందుకే వీటికి 'దక్కను ట్రాప్స్' అని పేరు. ఇప్పటికీ ఇవి సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల నేలను కప్పివున్నాయి.

ఆ కరుగురాయిలో కొంత పాతకాలపు నదీలోయల వెంబడి తూర్పుగా పారి, దాదాపు 1000 కిలోమీటర్లు ప్రయాణం చేసి, అప్పటి సముద్రతీరానికి చేరింది. ఆ తీరం యెక్కడో కాదు, మన రాజమండ్రి దగ్గరే. గోదావరికి ఇవతల కడియంలోనూ, అవతల గౌరీపట్నంలోనూ గనులలో కనిపించే నల్లరాయి అదే. భూమిమీద ఇంత దూరం పారిన కరుగురాయి మరొకటి తెలియదంటారు.

"అదీ నల్లగా వుంది, ఇదీ నల్లగా వుంది, అంతమాత్రాన ఒకటే అయిపోతాయా?" అని మేము అడిగాము. "రాతిని పిండి చేసి రసాయన పరీక్ష చేస్తారు నాన్నా" అన్నది. అందులో టైటానియం యెంత, స్ట్రాన్షియం యెంత, బేరియం యెంత, అని సూక్ష్మంగా కొలుస్తారు. ఒక్కొక్క పొరకు ఒక్కొక్క పాలు వుంటుంది, మన వేలిముద్రలాగా. రాజమండ్రి రాతి పాళ్లు ఇక్కడి మహాబలేశ్వరం, అంబేనళీ ఘాట్ పొరల పాళ్లతో సరిపోయాయి.

ఇక అసలు సంగతి. రాజమండ్రిలో ఒక కరుగురాతి పొరకూ, దానిపై పొరకూ మధ్య సున్నపురాయి, బంకమన్ను వున్నాయి. అది సముద్రపు అడుగు. అందులో ఇసుకరేణువంత గవ్వలున్నాయి. ఫొరామినిఫెరా అనే ఏకకణజీవుల పెంకులు అవి. గెర్టా కెల్లర్ అనే శాస్త్రజ్ఞురాలు, మన దేశపు సునీల్ బాజ్‌పాయ్ మొదలైనవారు వాటిని పరీక్షించి 2008లో ప్రకటించారు: ఆ పెంకులు మహావినాశం జరిగిన వెంటనే పుట్టిన జాతులవి. ఆ వినాశంలోనే రాక్షసబల్లులు పోయాయి. భూమిమీది జాతులలో సుమారు నాలుగింట మూడు వంతులు పోయాయి.

ఆ వినాశం సంగతి మొదట చెప్పినది కూడా రాతి రసాయనమే. ఇటలీలో గుబ్బియో అనే వూరి దగ్గర సున్నపురాతి పొరల నడుమ ఒక సెంటీమీటరు మందాన మట్టిపొర వుంది. అది పేరుకోవటానికి యెంతకాలం పట్టిందో తెలుసుకుందామని వాల్టర్ అల్వారెజ్, ఆయన తండ్రి లూయీ అల్వారెజ్ పూనుకున్నారు. తండ్రి 1968లో నోబెల్ బహుమానం పొందిన భౌతికశాస్త్రజ్ఞుడు. ఫ్రాంక్ ఆసారో, హెలెన్ మిషెల్ అనే రసాయనజ్ఞులు మట్టిని అణురియాక్టరులో పెట్టి కొలిస్తే, ఇరిడియం అనే లోహం మామూలుకంటే సుమారు 30 రెట్లు కనబడింది. భూమి పైపొరలో ఇరిడియం బహు అరుదు, ఉల్కలలో హెచ్చు. కాబట్టి పెద్ద ఉల్క పడిందని 1980లో ప్రకటించారు. అది పడిన గుంట మెక్సికోలో చిక్షులూబ్ దగ్గర వున్నదని 1991లో తేలింది. దాని వెడల్పు సుమారు 180 కిలోమీటర్లు.

పెద్ద దెబ్బ ఉల్కదే అని చాలామంది మాట. దక్కను పొంగు వాటా యెంత అన్న తగవు శాస్త్రజ్ఞులలో ఇంకా నడుస్తూనే వుంది.

ఆ గవ్వపెంకులు మాకు ఆఫీసు చిఠ్ఠా పుస్తకంలా తోచాయి. యే రోజు జమ ఆ రోజు వ్రాసి పెట్టినట్లు వుంటుంది. ప్రాణవాయువులో తేలికది వుంది, బరువుది వుంది. నీరు చల్లగా వుంటే పెంకులో బరువుది కొంచెం హెచ్చుగా చేరుతుంది. కనుక పెంకును పరీక్షిస్తే ఆనాటి సముద్రం యెంత వెచ్చగా వున్నదో తెలుస్తుంది. హెరాల్డ్ యూరీ అనే ఆయన 1947లో ఈ దారి చూపాడు. కర్బనంలోనూ అంతే. పై నీటిలో పెరిగే సూక్ష్మమైన మొక్కలు తేలిక కర్బనాన్ని యేరుకుని తింటాయి, చచ్చి అడుగుకు దిగుతాయి. అందుచేత పై పెంకులకూ అడుగు పెంకులకూ తేడా వుంటుంది. వినాశం తరువాతి పెంకులలో ఆ తేడా కనబడదు. అంటే పైనుంచి అడుగుకు సాగే ఆ రాకపోకలు దెబ్బతిన్నాయన్నమాట. పూర్తిగా కుదుటపడటానికి లక్షల యేళ్లు పట్టింది.

మరొకటి బోరాన్. నీటి పులుపు యెంతో అది చెబుతుంది. నెదర్లాండ్స్‌లోని ఒక గుహలో దొరికిన పెంకులను పరీక్షించి 2019లో ఇలా ప్రకటించారు: ఉల్క పడిన తరువాత సముద్రం పి.హెచ్. సుమారు 0.25 తగ్గింది, అనగా నీటి పులుపు హెచ్చింది. పులుపు నీటిలో పెంకు కట్టుకోవటం కష్టం. సున్నం కరిగించే నీళ్లలో సున్నపు గోడ కట్టడం లాంటిది.

ఇది పాత గోల అనుకోకండి. బొగ్గు, నూనెల పొగ వల్ల, యంత్రాల కాలం మొదలయినప్పటినుంచి ఇప్పటికి మన సముద్రాల పి.హెచ్. సుమారు 0.1 తగ్గింది. కారణం వేరు, పద్దు అదే. యానాంలోనూ, ఒడిస్సా తీరంలోనూ వున్న మన వాళ్లు రొయ్యలు, పీతలు, గవ్వలు చూసే సముద్రం కూడా ఆ లెక్కలోదే. ఈ పద్దు చదివేవాళ్లు కొందరయినా వుండాలి గదా అని మాకు అనిపించింది.

ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. మా తాతగారు గోదావరి ఒడ్డునుంచి ఈ కొండలకు వచ్చారు. ఆయనకంటే కోట్ల యేళ్లకు ముందే ఈ కొండల రాయి గోదావరి ఒడ్డుకు పోయి వుంది. పాపం నాయనమ్మ నలభయి యేళ్లు పరాయి రాయి అనుకున్నది! ఎవరయినా అప్పుడే చెప్పివుంటే ఆ పిండి ఆమెకు కొంచెం రుచిగా వుండేదేమో.

మరునాడు ఉదయం దరఖాస్తు మీద సంతకం చేశాము. మేనత్తగారికి ఇంకా కోపం తగ్గలేదు. కప్పు ఈ వానాకాలం కూడా కారుతుంది. వంటింట్లో రెండు గిన్నెలు, హాలులో ఒక బాల్చీ పెడితే సరిపోతుందని ఇంట్లోవారు చెప్పారు. అమ్మాయి తెచ్చిన రాతిముక్క రోలు పక్కనే, తులసి మొదట్లో వుంచాము.

మీ ఇళ్లలోనూ పాత రోలో, సన్నికల్లో వుంటే, అది యే కొండదో పిల్లలచేత కనుక్కోండి. మాకు ఒక కార్డు వ్రాయండి. వచ్చే నెల మళ్లీ కలుసుకుందాము.