ఇంగ్లీషు అరువు మాటలతోనే బతుకుతోందా?

తెలుగులో కొత్త మాటల సంగతి ఎక్కడ చర్చకు వచ్చినా ఒక వాదం తప్పకుండా వినిపిస్తుంది. "ఇంగ్లీషును చూడండి. కనిపించిన ప్రతి భాష నుంచీ మొహమాటపడకుండా మాటలు తెచ్చుకుంది. అందుకే అంత పెద్దదైంది. మనమేమో పదాలు కల్పిస్తామంటూ కూర్చుని మాటకు మాట అతికిస్తున్నాం. ఉన్నవి ఉన్నట్టు తెచ్చుకుంటే పోలేదా?" వినడానికి ఉదారంగా ఉంటుంది కాబట్టి సభల్లో దీనికి చప్పట్లు పడతాయి. కానీ ఇంగ్లీషు చరిత్ర తెలిసినవాళ్లు ఈ మాట అనలేరు. ఇది సగం నిజం. ఆ సగం మీద కట్టిన సలహా పూర్తిగా తప్పు.

ముందు ఆ సగం నిజాన్ని ఒప్పుకుందాం. ఇంగ్లీషు నిఘంటువులో సగానికి పైగా మాటల మూలాలు లాటిన్, ఫ్రెంచి భాషల్లో ఉన్నాయి. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక కోర్టు, కొలువు, వంట, వస్త్రం అన్నింటా ఫ్రెంచి మాటలు వచ్చి పడ్డాయి. అంతకు ముందే సముద్రం దాటి వచ్చిన స్కాండినేవియన్లూ తమ మాటలు ఇచ్చారు. కిటికీకి వాడే 'విండో' వాళ్లదే. వాళ్ల భాషలో దాని అర్థం 'గాలికన్ను'. ఇవన్నీ ఎవరూ కాదనలేని సంగతులు. ప్రశ్న వేరే ఉంది. తెచ్చుకున్న మాటలను ఇంగ్లీషు ఏం చేసింది?

దానికి జవాబు కావాలంటే మన ఇళ్లలో రోజూ వినపడే ఇంగ్లీషు మాటలనే విప్పి చూడాలి. పాస్‌వర్డ్, కీబోర్డ్, ల్యాప్‌టాప్, డౌన్‌లోడ్, 2020లో ఊరూరా నోట నానిన లాక్‌డౌన్. వీటిలో ఏదీ మరో భాషలో తయారై వచ్చింది కాదు. ల్యాప్ అంటే ఒడి, టాప్ అంటే పైభాగం. బల్ల మీద ఉండే కంప్యూటర్‌కు డెస్క్‌టాప్ అన్న పేరు అప్పటికే ఉంది కాబట్టి, ఒడిలో పెట్టుకునేది ల్యాప్‌టాప్ అయింది. ఇనపసామాను కొట్టుకు చెందిన 'హార్డ్‌వేర్' అన్న పాత మాటను కంప్యూటర్ యంత్రభాగాలకు పెట్టారు. చేతికి తగలని ఆదేశాలకు దాని జోడీగా 'సాఫ్ట్‌వేర్' చేశారు. గట్టి సరుకు, మెత్తని సరుకు. ప్రపంచాన్ని నడిపిస్తున్న పరిశ్రమకు పేరు ఇంత సాదా సమాసంతో వచ్చింది. గత వందేళ్లలో ఇంగ్లీషులోకి వచ్చిన కొత్త మాటల్ని లెక్కతీస్తే పరాయి భాషల నుంచి నేరుగా వచ్చినవి కొద్దిపాటే. మిగతావి చాలావరకు ఇంట్లో అల్లుకున్నవి.

ఈ అల్లిక నిన్నమొన్నటిది కూడా కాదు. 597లో రోము నుంచి క్రైస్తవ ప్రచారకులు ఇంగ్లండుకు వచ్చినప్పుడు వాళ్లతో పాటు లాటిన్ మాటలూ వచ్చాయి. ఆనాటి ఇంగ్లీషువాళ్లు కొన్నింటిని ఉన్నవి ఉన్నట్టే తీసుకున్నారు. చాలావాటికి మాత్రం సొంత మాటలు కట్టారు. సువార్తకు 'మంచి కబురు' అనే అర్థంలో 'గాడ్‌స్పెల్' అన్నారు. నేటి 'గాస్పెల్' అదే. త్రిత్వానికి 'మూడుతనం' అన్నట్టుగా 'థ్రీనెస్' అన్నారు. శిష్యుణ్ణి 'నేర్చుకునే కుర్రవాడు' అన్నారు. ఖగోళశాస్త్రానికి 'నక్షత్రవిద్య' అని పేరు పెట్టారు. ఇప్పుడు ఒంటి పదాల్లా కనిపించే లార్డ్, లేడీ కూడా పాత సమాసాలే. లార్డ్ అంటే రొట్టెను కాపాడేవాడు, లేడీ అంటే రొట్టెపిండి పిసికే ఆమె. వాడుకలో అరిగి అరిగి అతుకు కనపడకుండా పోయింది.

ప్రత్యయాల పుట్టుకా ఇలాంటిదే. 'చైల్డ్‌హుడ్'లోని 'హుడ్' ఒకప్పుడు స్థితి, హోదా అనే అర్థాలున్న స్వతంత్ర పదం. 'ఫ్రీడమ్'లోని 'డమ్' తీర్పు, అధికారం అనే అర్థాలున్న మాట. సమాసంలో ఉత్తరపదాలుగా తిరిగి తిరిగి, చివరికి సొంత ఇల్లు వదిలి ప్రత్యయాలుగా స్థిరపడ్డాయి.

ఇక ఫ్రెంచి మాటలు వచ్చాక జరిగింది చూడండి. అరువు వాదం మొత్తం కూలిపోయేది ఇక్కడే. ఫ్రెంచి నుంచి 'ఏబుల్' అనే తోకతో కొన్ని విశేషణాలు వచ్చాయి. ఇంగ్లీషువాళ్లు వాటిని వాడి ఊరుకోలేదు. ఆ తోకను విడదీసి తమ సొంత క్రియలకు తగిలించారు. 'అండర్‌స్టాండ్' అచ్చమైన ఇంగ్లీషు క్రియ. 14వ శతాబ్దానికల్లా 'అండర్‌స్టాండబుల్' పుట్టింది. తర్వాత డ్రింకబుల్, ఈటబుల్, రీడబుల్ వచ్చాయి. ఇప్పుడు ఏ కొత్త క్రియ వచ్చినా దానికి ఈ తోక సిద్ధంగా ఉంటుంది. ఎదురు దిశలోనూ ఇదే పని జరిగింది. 'బ్యూటీ' ఫ్రెంచిది, 'ఫుల్' ఇంగ్లీషుది, కలిస్తే 'బ్యూటిఫుల్'. 'జెంటిల్' ఫ్రెంచిది, 'మ్యాన్' ఇంగ్లీషుది, కలిస్తే 'జెంటిల్‌మన్'. పరాయి సొమ్ము అని ఒక మూల అట్టేపెట్టలేదు. విత్తనాల్లా చల్లుకుని సొంత పంట తీశారు.

'బస్' కథ మరీ విచిత్రం. లాటిన్‌లో 'ఒమ్నిబస్' అంటే 'అందరికీ'. అందరూ ఎక్కే బండికి ఆ పేరు పెట్టారు. ఇంగ్లీషు దాని తల కోసేసి 'బస్' మిగిల్చుకుంది. మిగిలింది లాటిన్ విభక్తి ప్రత్యయపు కొస. దానికంటూ వేరే అర్థం లేదు. అయినా దాన్నే పూర్తి మాటగా నిలబెట్టి మినీబస్, బస్‌స్టాప్ కట్టారు. హ్యాంబర్గర్ కూడా అంతే. జర్మనీలోని హాంబర్గ్ నగరం పేరు మీద వచ్చిన మాటను 'హ్యామ్', 'బర్గర్' అని రెండుగా విరిచి, చీజ్‌బర్గర్ నుంచి వెజ్ బర్గర్ దాకా చేసుకున్నారు. మూలభాష వ్యాకరణం ఏమంటుందోనని ఎవరూ ఆగలేదు.

"మరి శాస్త్ర పదాలన్నీ గ్రీకు, లాటిన్ మాటలే కదా?" అని అడుగుతారు. ముక్కలు గ్రీకువి, లాటిన్‌వి. మాటలు మాత్రం ప్రాచీన గ్రీకులు, రోమన్లు ఎన్నడూ పలికినవి కావు. 1839లో జాన్ హెర్షెల్ రాయల్ సొసైటీ ముందుంచిన 'ఫొటోగ్రఫీ' అన్న పేరును ప్లేటో విని ఉండడు. 'సైంటిస్ట్' అన్న మాటను విలియం హ్యూయెల్ కల్పించాడు. 1834లో అది అచ్చులోకి వచ్చింది. అదే ఏడాది మైకేల్ ఫారడే విద్యుత్ ప్రయోగాలకు పేర్లు కావాలంటే ఆనోడ్, కాథోడ్ అన్న పేర్లు సూచించినదీ ఆయనే. ఫారడే పేర్ల కోసం పక్క దేశానికి వెళ్లలేదు, పదాలు కట్టడం తెలిసిన స్నేహితుడి దగ్గరకు వెళ్లాడు. నిఘంటువులో ఇలాంటివాటి మూలాలు చూసి అరువు ఖాతాలో రాసేస్తే, సిమెంటు కొన్నాడు కాబట్టి ఇల్లు కూడా కొన్నాడే తప్ప కట్టుకోలేదన్నట్టే.

రెండో ఆక్షేపణ కృత్రిమత్వం గురించి. కట్టిన మాట చెవికి ఎబ్బెట్టుగా ఉంటుందట. ఇంగ్లీషులో సహజంగా ఒదిగిపోయాయనుకుంటున్న మాటల్లో చాలావాటికి పుట్టినప్పుడు ఇదే తిట్టు పడింది. 'సైంటిస్ట్' పుట్టి అరవై ఏళ్లయ్యాక, 1894లో కూడా టి.హెచ్. హక్స్‌లీ అంతటి శాస్త్రవేత్తకు ఆ మాట గిట్టలేదు. నామవాచకానికి 'ఎడ్' తగిలించి చేసిన 'టాలెంటెడ్' అనాగరికమైన మాట అని కవి కోల్‌రిడ్జ్ 1832లో మండిపడ్డాడు.

'రిలయబుల్' మీదైతే 19వ శతాబ్దంలో పెద్ద యుద్ధమే జరిగింది. ఇంగ్లీషులో ఎవరి మీదైనా ఆధారపడాలంటే క్రియ పక్కన 'ఆన్' ఉండాలి కదా, ఆ 'ఆన్' లేకుండా విశేషణం ఎలా చేస్తారని వ్యాకరణ పండితులు నిలదీశారు. అప్పుడు ఆ మాట పక్షాన నిలబడి, 1877లో ఏకంగా ఒక పుస్తకమే రాసినవాడు ఫిట్జ్ఎడ్వర్డ్ హాల్. ఆయన కాశీలో సంస్కృతం బోధించిన అమెరికన్ పండితుడు, సంస్కృత గ్రంథాలను పరిష్కరించినవాడు. పదనిర్మాణం ఎరిగినవాడికి కొత్త పదం చూస్తే భయం ఉండదు. ఎవరినైనా చూసి నవ్వడానికి 'ఎట్' కావాలి. అయినా 'లాఫబుల్' అన్న మాట అంతకు ముందు నుంచే దర్జాగా తిరుగుతోంది. అదే కట్టు రిలయబుల్‌కు ఎందుకు తప్పవుతుంది? నేడు రిలయబుల్‌ను తప్పుపట్టేవాళ్లు ఎవరూ లేరు.

మన దగ్గర ఇదే అన్యాయం 'ప్రీపోన్'కు జరుగుతోంది. "అలాంటి మాట ఇంగ్లీషులో లేదు, వాడొద్దు" అని ఎందరో ఉపాధ్యాయులు ఎర్రసిరాతో కొట్టేస్తుంటారు. 'పోస్ట్' అంటే తర్వాత, 'పోన్'కు మూలం పెట్టడం అనే అర్థమున్న లాటిన్ క్రియ. తర్వాతికి పెట్టడం పోస్ట్‌పోన్ అయితే, ముందుకు పెట్టడం ప్రీపోన్ అవుతుంది. ఇంగ్లీషు తన మాటలు తాను చేసుకునే పద్ధతి ఇదే. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు దీనికి చోటిచ్చింది కూడా. పద్ధతి ప్రకారం మాట కట్టిన పిల్లవాడికి మార్కు కోసేవాళ్లు ఇంగ్లీషును కాపాడుతున్నట్టు కాదు, ఆ భాష ప్రాణశక్తినే తప్పుగా లెక్కగడుతున్నారు.

మాట కట్టడమంటే ఇష్టమొచ్చినట్టు అతికించడం అనుకునేవాళ్లకూ ఒక సంగతి చెప్పాలి. ఈ పనికి గట్టి కట్టుబాట్లున్నాయి. హౌస్‌బోట్ పడవ, బోట్‌హౌస్ ఇల్లు. ఉత్తరపదమే వస్తువేమిటో చెబుతుంది. చేపల చెరువుకూ చెరువు చేపలకూ తేడా తెలిసిన తెలుగువాడికి దీన్ని వేరే నేర్పనక్కర్లేదు. రెడ్‌హెడ్ అంటే ఎర్రని తల కాదు, ఎర్రజుట్టు మనిషి. ముక్కంటి అంటే కళ్లు కాక శివుడైనట్టే. ఇలాంటి సమాసాలను పాశ్చాత్య భాషావేత్తలు నేటికీ 'బహువ్రీహి' అన్న మన పేరుతోనే పిలుస్తారు. ముక్కలు ఏ వరసలో చేరాయన్నదాన్ని బట్టి కూడా అర్థం మారుతుంది. 'అన్‌లాకబుల్' అంటే తాళం వేయడానికి వీల్లేనిది కావచ్చు, తాళం తీయడానికి వీలైనది కావచ్చు. 'ఏబుల్' ముందు చేరితే మొదటి అర్థం, 'అన్' ముందు చేరితే రెండో అర్థం. పోటీ పరీక్షల పుస్తకాల్లో ఉపసర్గల పట్టిక ఇచ్చి బట్టీపట్టమనడం ఇందుకే చాలదు. ఆ పట్టికను నమ్ముకున్నవాడు 'ఇన్‌ఫ్లేమబుల్' అంటే మండనిది అనుకుంటాడు. నిజానికి అది భగ్గున మండేది. ఈ పొరపాటు ప్రాణాల మీదికి తెస్తుందనే 20వ శతాబ్దంలో అగ్నిప్రమాద భద్రత చూసేవాళ్లు 'ఫ్లేమబుల్' అన్న మాటను ముందుకు తెచ్చారు.

అరువే వద్దనేవాళ్ల పక్షం నేను పట్టడం లేదు. ఆ దారీ ఇంగ్లీషులో తొక్కి చూసినవాళ్లున్నారు. 16వ శతాబ్దంలో జాన్ చీక్ మత్తయి సువార్తను అనువదిస్తూ లాటిన్ మాటలను తప్పించాలని చూశాడు. రాల్ఫ్ లీవర్ 1573లో తర్కశాస్త్రానికి 'విట్‌క్రాఫ్ట్' అన్నాడు. 19వ శతాబ్దంలో డోర్సెట్ కవి విలియం బార్న్స్ ఒమ్నిబస్‌ను 'ఫోక్‌వేన్', అంటే జనబండి, అనమన్నాడు. ఇవేవీ నిలవలేదు. కానీ 1846లో విలియం థామ్స్ రెండు అచ్చ ఇంగ్లీషు మాటలు కలిపి చేసిన 'ఫోక్‌లోర్' ప్రపంచమంతా పాకింది. ఫోక్‌వేన్, ఫోక్‌లోర్ రెండూ ఒకే పద్ధతిలో కట్టినవే. ఒకటి పోయింది, ఒకటి నిలిచింది. బస్ అనే మాట అప్పటికే జనం నోట స్థిరపడింది, జానపద విజ్ఞానానికి మాత్రం అంత పొందికైన పేరు లేదు. మాట బతుకును తేల్చేది అవసరం, వాడుక. కాబట్టి రైలుకు కట్టిన 'ధూమశకటం' నిలవలేదని చూపించి, తెలుగులో మాటలు కట్టడమే దండగ అనేవాళ్లు ఫోక్‌వేన్ పోయిందని ఇంగ్లీషు పదనిర్మాణం మానుకుందేమో చెప్పాలి.

తెలుగుకు ఆ శక్తి లేదన్నది ఆఖరి వాదం. దానికి జవాబు మన నోట్లోనే ఉంది. పారసీ నుంచి వచ్చిన 'దారు' అనే తోకను మనవాళ్లు అచ్చం 'ఏబుల్' లాగే విడదీసుకున్నారు. అచ్చ తెలుగు మాటలకు తగిలిస్తే పెట్టుబడిదారు, కొనుగోలుదారు అయ్యాయి. సంస్కృతానికి తగిలిస్తే వినియోగదారు, లబ్ధిదారు అయ్యాయి. ఇంగ్లీషు 'బోరు'కు తెలుగు బావి చేర్చి బోరుబావి తవ్వుకున్నారు. చెయ్యిని ఇంగ్లీషు పంపుకు చేర్చి చేతిపంపు కొట్టుకున్నారు. ఇవి రైతులు, వ్యాపారులు, గుమాస్తాలు వాడి నిలబెట్టిన మాటలు. ఇంగ్లీషు నడిచిన దారిలోనే తెలుగూ నడిచింది. శక్తి లేదనేది అబద్ధం. చదువుకున్న మనమే ఆ శక్తిని నమ్మడం మానేశాం.

ఇంగ్లీషును ఆదర్శంగా తీసుకుందాం, తప్పకుండా. అయితే పూర్తిగా తీసుకుందాం. సమాసాలను, ప్రత్యయాలను పరీక్షలో పేరు రాసి వదిలేసే పాఠంగా కాక, మాటలు చేసే పనిముట్లుగా బడిలో నేర్పుదాం. పిల్లలు పద్ధతి ప్రకారం కొత్త మాట కడితే, ఏ భాషలోనైనా సరే, కొట్టేసే ముందు విప్పి చూద్దాం. నదిలో నీళ్లను పైనున్న పొలాలకు ఎక్కించాల్సి వచ్చినప్పుడు ఎత్తడం, పోయడం అనే రెండు వంటింటి పనుల పేర్లు కలిపి తెలుగు 'ఎత్తిపోతల' అంది. పథకం ఎలా పనిచేస్తుందో ఆ మాట విన్న ప్రతి రైతుకూ తెలుస్తుంది.