గుండెకు వాడే మందు వరి మీద ఎందుకు?



వరిలో బాక్టీరియా ఎండాకు తెగులు కనబడగానే మనం ఏం చేస్తాం? షాపుకెళ్లి స్ట్రెప్టోసైక్లిన్ ప్యాకెట్ తెచ్చి కొడతాం. నేనూ ఏళ్ల తరబడి కొట్టాను. ఒకసారి ఆ ప్యాకెట్ మీది చిన్న అక్షరాలు చదవండి. అందులో 90 పాళ్లు స్ట్రెప్టోమైసిన్, 10 పాళ్లు టెట్రాసైక్లిన్. రెండూ మనుషుల మందులే.

చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చి గుండె వాల్వు దెబ్బతిన్నవాళ్లు ఊళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్ల రక్తంలోకి సూక్ష్మజీవులు చేరితే ఆ వాల్వు మీద పేరుకుపోయి కూర్చోవచ్చు. అక్కడికి మందు సరిగా అందదు. అందుకే 4 నుంచి 6 వారాలు నరానికి ఇంజక్షన్లు ఇస్తారు. కొందరికి ఆపరేషన్ కూడా తప్పదు.

ఇలాంటి సూక్ష్మజీవుల్లో ఎంటరోకోకస్ ఒకటి. మనుషుల పేగుల్లో, కోళ్ల పేగుల్లో ఉంటుంది. ఆంపిసిలిన్ ఒక్కటే దాన్ని ఆపుతుందే గానీ పూర్తిగా చంపదు. ఆంపిసిలిన్ దాని గోడను బలహీనం చేస్తే, జెంటామైసినో స్ట్రెప్టోమైసినో లోపలికి దూరి చంపుతుంది. జెంటామైసిన్‌కు లొంగని రకం ఒక్కోసారి స్ట్రెప్టోమైసిన్‌కు లొంగుతుంది. దానికీ లొంగకపోతే డాక్టరుకు దారులు తగ్గిపోతాయి.

నా చేలో కొట్టిన మందు వల్లే ఫలానా మనిషి జబ్బు మొండికేసిందని నేననడం లేదు. కానీ మందుకు చావని సూక్ష్మజీవులు మట్టిలో, కాలువ నీళ్లలో మిగిలి పెరుగుతాయి. ఆ మొండితనాన్ని పక్క సూక్ష్మజీవులకూ అంటిస్తాయి.

"అన్నిటికీ రైతునే అంటారేం?" అని మీరడగొచ్చు. న్యాయమే. ఆసుపత్రులు, మందుల షాపులు, కోళ్ల ఫారాలు అందరిదీ తప్పుంది. కోళ్ల దాణాలో కొలిస్టిన్‌ను 2019లోనే కేంద్రం నిషేధించింది. పంటల మీద ఈ రెండు మందులూ ఆపాలని 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు కూడా ఇచ్చింది. ఎవరి వంతు వాళ్లు చెయ్యాలి. మన వంతు మన చేతిలోనే ఉంది.

తెగులు వచ్చే పొలమైతే దాన్ని తట్టుకునే మెరుగైన సాంబా మసూరి లాంటి రకం వేయండి. యూరియా ఒకేసారి కుమ్మరించకుండా దఫాలుగా వేయండి. తెగులు కనిపిస్తే పై యూరియా ఆపి, మడిలో నీళ్లు తీసేయండి.

పంట పోతే వచ్చే ఏడాది మళ్లీ వేసుకోవచ్చు. వాల్వు చెడిన మనిషికి మందు పనిచేయకపోతే వచ్చే ఏడాది అనేదే ఉండదు. ఈసారి షాపులో ఆ ప్యాకెట్ అడిగేముందు ఈ ఒక్క మాట గుర్తు చేసుకోండి.