దాచుట వేరు, చదువుట వేరు

మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములు పూర్వము రేనాటి సీమలోనివి. ఆ సీమనేలిన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని నాటి కలమళ్ల శాసనము సుమారు క్రీ.శ. 575 నాటిది. అక్షరములు కొన్ని చెడినవి. మిగిలినవానిని పండితులు నేటికిని కంటితోనే చదువుచున్నారు. శిలకును చదువరికిని నడుమ యంత్రము లేదు.

కంప్యూటరు టేపు సంగతి అట్లు కాదు. 1952లో ఐ.బి.ఎం. సంస్థ అరంగుళము వెడల్పు గల టేపుపై ఏడు వరుసలుగా వ్రాయు యంత్రమును వెలువరించినది. 1964లో తొమ్మిది వరుసలు వచ్చినవి. 1984లో చుట్టకు మారుగా పెట్టె వచ్చినది. తొమ్మిది వరుసలకై అమర్చిన హెడ్డు ఏడు వరుసల టేపును చదువజాలదు. పైపెచ్చు, ఇనుప ఆక్సైడు పొడిని పట్టి ఉంచు జిగురు కొన్ని టేపులలో తేమకు చెడి అంటుకొనును.

దీని ఫలితమెట్లుండునో చంద్రయాత్రల చరిత్ర తెలుపుచున్నది. 1966, 1967 సంవత్సరములలో లూనార్ ఆర్బిటర్ నౌకలు పంపిన చంద్రుని చిత్రముల టేపులు పదిలముగనే ఉన్నవి. చదువు యంత్రములే కరవైనవి. నాన్సీ ఎవాన్స్ అను నాసా ఉద్యోగిని పాత యాంపెక్స్ యంత్రములను తన ఇంట దాచి ఉంచుటచేతనే 2008లో ఆ చిత్రములు మరల వెలుగు చూచినవి. అపోలో 11 మూల టేపులకు ఆ భాగ్యము లేకపోయినది. వానిని చెరిపి మరల వాడి ఉందురని 2009లో నాసా ప్రకటించినది.

కడపలో సి.పి. బ్రౌన్ పండితులకు జీతములిచ్చి తాళపత్ర గ్రంథములకు ప్రతులు వ్రాయించినాడు. మన కావ్యములు దక్కినది తాటాకు గట్టితనముచేత కాదు; ఆకు శిథిలము కాకమునుపే ప్రతి వ్రాసిన లేఖకుల ఓర్పుచేత.

నేడు ఆ తాళపత్రములనే కంప్యూటర్లకెక్కించుచున్నాము. సంతోషమే. కాని అంతటితో పని ముగిసినదనుకొనరాదు. 2000లో మొదలైన ఎల్.టి.ఓ. టేపుల వరుసలో ఎనిమిదవ తరము యంత్రము ఏడవదానిని చదువునుగాని ఆరవదానిని చదువదు. కావున గ్రంథాలయములు, విశ్వవిద్యాలయములు టేపులు కొనుటకే గాక, తరము మారినప్పుడెల్ల ప్రతులు తీయుటకును ద్రవ్యము కేటాయింపవలెను. ఏ యంత్రముతో, ఏ పద్ధతిని వ్రాసినదో ప్రతి టేపుతోడను కాగితముపై స్పష్టముగా వ్రాసి ఉంచవలెను. ఇది దండుగ ఖర్చు అనువారు, ఒకమారు పోయిన గ్రంథమును ఎంత వెలకు మరల కొనవచ్చునో చెప్పవలెను.

టేపులు బీరువాలో భద్రముగ ఉన్నవని తృప్తిపడుట చాలదు. వానిని చదువగలవారు, చదువు యంత్రము ఉన్నంతవరకే అవి గ్రంథములు. ఆపైన అవి వట్టి ప్లాస్టిక్కు చుట్టలు.