వెనక వరసకీ మొహాలుంటాయి!

షష్టిపూర్తో, సీమంతమో అయ్యాక గ్రూపు ఫోటో తప్పదు కదా! కింద చాప మీద పిల్లలు, కుర్చీల్లో పెద్దవాళ్లు. వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ ఆఖరున వచ్చి వెనక నిలబడేది మనమే. తీరా ఫోటో చూస్తే మామగారి కండువా జరీ కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంటుంది, మన మొహాలే మసక! తీసినవాడి చెయ్యి కదిలిందని సరిపెట్టుకుంటాం. చెయ్యి కదిలితే అందరూ చెదరాలి గదండీ. ఇది ఎపర్చర్ సంగతి.

లెన్సులో వెలుగు వెళ్లే రంధ్రమే ఎపర్చర్. మన కంటిపాపలా పెద్దదీ చిన్నదీ అవుతుంది. తిరకాసు ఏమిటంటే, అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది. ఎఫ్ 1.8 అంటే బాగా తెరుచుకున్నట్టు, ఎఫ్ 8 అంటే ముడుచుకున్నట్టు. రంధ్రం పెద్దదైనకొద్దీ స్పష్టంగా వచ్చే మేర తగ్గిపోతుంది. పసివాణ్ణి ఒక్కణ్ణే తీసేటప్పుడు అదే మేలు. వెనక ఆరేసిన బట్టలన్నీ మసకలో కలిసిపోయి వాడి నవ్వే కనబడుతుంది. ఫోకస్ మాత్రం మనకు దగ్గరగా ఉన్న కంటి మీద పెట్టాలి.

మూడు వరసల ఫోటోకి ఇది పనికిరాదు. కెమెరా అయితే పైనుండే చక్రాన్ని 'ఎ' దగ్గరికి (కొన్నిట్లో 'ఎవి' అని ఉంటుంది) తిప్పి ఎఫ్ 8 పెట్టమనండి. ఫోకస్ కుర్చీల వరసలో ఒకరి మొహం మీద. అయితే ఎఫ్ 4 నుంచి ఎఫ్ 8కి వస్తే లోపలికొచ్చే వెలుగు నాలుగో వంతే. హాల్లో ట్యూబ్‌లైటు చాలదు, అందర్నీ వరండాలోకి లాక్కురండి. విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

ఇక ఫోన్లు. చాలా ఫోన్లలో ఎపర్చర్ మారదు. పోర్ట్రెయిట్ అని ఉండేది ఫోన్ లెక్కలు కట్టి వేసే మసక. ఒక్కోసారి జడలో మల్లెపూలు కూడా అందులో కలిపేస్తుంది. గ్రూపుకి అది వద్దే వద్దు. తీసేవాళ్లు రెండడుగులు వెనక్కి జరిగితే స్పష్టమైన మేర పెరుగుతుంది. మనం కుర్చీలకి ఆనుకుని నిలబడితే వరసల మధ్య ఎడం తగ్గుతుంది. తెర మీద నడిమి వరస మొహాన్ని వేలితో తాకితే ఫోకస్ అక్కడికొస్తుంది.

తీశాక వెనక వరసని పెద్దది చేసి చూపించమని అడగండి. మసగ్గా ఉంటే అప్పుడే మళ్లీ తీయించండి. విస్తళ్లు వేశాక పిలిస్తే ఒక్కరూ లేవరు.