గౌరి సంగతేంది?

ఇందుకూరుపేటలో ఒక ఇల్లు అనుకోండి. రాత్రి తొమ్మిదిన్నర. మైపాడు వైపు నుంచి సముద్రపు గాలి చల్లగా వస్తోంది. ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసొస్తానని నాన్న రొయ్యల గుంట దగ్గరికెళ్లాడు. అమ్మ వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. వరండాలో మంచమ్మీద పడుకుని ఫోన్ చూస్తున్న డిగ్రీ పిల్ల ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

"ఏందిమే, ఒక్కదానివే నవ్వుకుంటా ఉండావు?" పక్క మంచమ్మీంచి అవ్వ.

"కథ అవ్వా. దీంట్లో పిల్ల ఇప్పటికి ఏడుసార్లు చచ్చిపోయింది."

"చచ్చిపోతే నవ్వొస్తందా నీకు!"

నవ్వొచ్చే చావులే అవి. ఆ పిల్ల చదువుతున్నది ఇంగ్లీషులోకి వచ్చిన చైనా వెబ్ నవల. ఈ తరహా ప్రేమకథల్ని అక్కడ 'ఖ్వాయ్‌చ్వాన్' అంటారు. గబగబా దాటేయడం అన్నమాట. దాటేది ఏరో కాలవో కాదు, లోకాలు! మొదటి పేజీల్లోనే నాయిక ఏదో ప్రమాదంలో పోతుంది. కళ్లు తెరిచేసరికి తలలో ఓ గొంతు. దాని పేరు 'సిస్టమ్'. జీతం ఇవ్వదుగానీ పని మాత్రం పురమాయిస్తుంది. ఫలానా నవల్లోకి వెళ్లు, ఫలానా అమ్మాయి ఒంట్లో దూరు, ఆమె తలరాత మార్చు, అది కాగానే ఇంకో నవల్లోకి పద... ఒకచోట చక్రవర్తి అంతఃపురం, ఇంకోచోట సినిమా స్టూడియో, మరోచోట కాలేజీ క్యాంటీను. ప్రతి లోకంలోనూ ఓ కొత్త కుర్రాడు ఎదురవుతాడు. చాలా నవలల్లో అన్ని చోట్లా ఆ కుర్రాడి లోపలున్న ఆత్మ ఒకటే. నాయిక ఆ సంగతి కనిపెట్టేసరికి సగం నవల అయిపోతుంది. చదివే పిల్లకు మాత్రం రెండో లోకంలోనే తెలిసిపోతుంది. నవ్వంతా అక్కడే ఉంది.

2003లో మొదలైన జిన్‌జియాంగ్ అనే చైనా వెబ్‌సైట్ ఇలాంటి కథలకు పుట్టిల్లు లాంటిది. అక్కడ రాసేవాళ్లూ చదివేవాళ్లూ ఎక్కువగా ఆడవాళ్లే. ఒక్కో నవల వందల భాగాలు నడుస్తుంది. మొదట్లో కొన్ని ఊరికే చదవనిస్తారు, రుచి మరిగాక డబ్బు కట్టమంటారు. (మన వారపత్రికలు సరిగ్గా మలుపు దగ్గర 'సశేషం' అని వేసేవి కదా, దానికి మనవరాలు ఇది.) అమ్మలు ఫోన్ ఖర్చుల లెక్క అడగడం ఇక్కడే మొదలవుతుంది. అడగాల్సిందే కూడా!

కథలోకి మనుషులు వెళ్లడం తెలుగువాళ్లకు మరీ కొత్తేం కాదు. 16వ శతాబ్దంలో పింగళి సూరన రాసిన కళాపూర్ణోదయంలో బ్రహ్మ సరస్వతితో సరసమాడుతూ ఓ కథ చెబుతాడు. ఆ కథ భూమ్మీద మనుషుల బతుకైపోతుంది. కలభాషిణి, మణికంధరుడు మారురూపాల్లో ఒకరినొకరు పొరబడి, మళ్లీ జన్మలో మధురలాలసగా, కళాపూర్ణుడిగా ఆ కథలోనే తేలతారు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 2002లో దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. ఆ పుస్తకం పేరులోనే 'ఎన్నడూ చెప్పకూడని కథ' అన్న మాట ఉంటుంది.

అయితే చైనా నవలల్లో ఒక తేడా ఉంది. అక్కడ నాయిక దూరేది రాణి ఒంట్లో కాదు. రాణి గెలవడం కోసం ఓడిపోవాల్సిన పిల్ల ఒంట్లో. ప్రియుడు వదిలేసినదీ, పెళ్లి పీటల దాకా వచ్చి ఆగిపోయినదీ, పదో పేజీలో విషం తాగి పోయేదీ... కథ ఎవరినైతే మర్చిపోయిందో వాళ్ల కోసం వస్తుందామె.

అవ్వకు సూరన అక్కర్లేదు. అంతా విని, "ఇది మూగమనసులే కదా" అనేసింది. ఆదుర్తి సుబ్బారావు తీసిన ఆ సినిమా 1964లో వచ్చింది. నాగేశ్వరరావు, సావిత్రి వేసిన గోపీ రాధలు గోదాట్లో మునిగి చనిపోయి మళ్లీ పుడతారు. గోపీనే మనసులో పెట్టుకున్న గౌరి, అంటే జమున, ముసలిదై అదే ఒడ్డున మిగులుతుంది. మళ్లీ పుట్టి వచ్చిన ఆ ఇద్దరికీ వాళ్ల కథ తనే చెబుతుంది.

"మరి గౌరి సంగతేంది?" అంది మనవరాలు. "నా నవలైతే గౌరి కోసమే వస్తారు తెలుసా?"

అవ్వ కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన సంగతెత్తింది. ఇంట్లో అందరికీ తెలిసిందే, ఎవరూ ఎత్తరంతే. అవ్వకు పదిహేడేళ్లప్పుడు వాళ్లక్క పురిట్లో పోయింది. పసిబిడ్డ కోసం అవ్వను బావకే ఇచ్చి చేశారు. ఆ ఇంట అక్క చీరలు, అక్క మడత పెట్టిన పక్కబట్టలు, అక్క పెట్టిన ఊరగాయ జాడీ. అత్త చాన్నాళ్లు అక్క పేరుతోనే పిలిచేది. తాత అసలు ఏ పేరుతోనూ పిలిచేవాడు కాదు. ఆ పసిబిడ్డే ఇప్పుడు రొయ్యల గుంట దగ్గరున్న నాన్న.

"నేను పొయ్యేసరికే సగం కథ అయిపోయుండాది మే. నాకేం గొంతు వినపళ్లా" అని నవ్వింది అవ్వ. నిజంగానే నవ్వింది.

పిల్ల ఫోన్ పక్కన పెట్టింది. అవ్వే తీసి మళ్లీ చేతికిచ్చింది. "చదువు, తెలుగులో చెప్పు" అంటూ. ఎనిమిదో లోకం మొదలైంది. సిస్టమ్ దగ్గర తడబడుతూ, అంతఃపురం మెట్ల దగ్గర తడుముకుంటూ పిల్ల చెప్పుకుపోతోంది. అంతలో అవ్వ ఆపింది.

"పనైనాక ఈ పిల్ల ఇంకో లోకానికి ఎళ్లిపోద్ది, సరే. ఆ ఒళ్లు ఎవరిదో, ఆ పిల్ల ఏమైనట్టు?"

మనవరాలు వెనక్కి నాలుగు పేజీలు తిప్పింది. మళ్లీ ముందుకు తిప్పింది.

"రాయలేదవ్వా."